మూత్ర పరీక్షలో బయటపడ్డ గుండె ముప్పు: నా అనుభవం

"కిడ్నీల సంగతి తర్వాత మాట్లాడుకుందాం అమ్మా, ముందు మీ గుండె సంగతి చూడాలి" అన్నారు డాక్టరుగారు. ఆయన చేతిలో ఉన్నది మూత్ర పరీక్ష రిపోర్టు. మూత్రానికీ గుండెకీ ఏమిటి సంబంధమని నేనూ మావారూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అది పూర్తిగా అర్థం కావడానికి నాకు చాలా నెలలే పట్టింది. షుగరుతో ఏళ్లూ పూళ్లూ నెట్టుకొస్తున్నవాళ్లకు ఈ సంబంధం ముందే తెలిస్తే ఎంత మేలో! అందుకే ఇదంతా రాస్తున్నాను.

నాకు 57 ఏళ్లు. షుగరు వచ్చి పదేళ్లు దాటింది, బీపీ ఆ తర్వాత తోడైంది. పరీక్షలు ఏటా చేయించుకుంటూనే ఉన్నాను. పరగడుపు షుగరు, తిన్నాక షుగరు, మూడు నెలల సగటు, కొలెస్ట్రాల్, కిడ్నీలు బయటికి పంపాల్సిన మలినమైన క్రియాటినిన్ ఎప్పుడూ ఉండేవి. క్రియాటినిన్ 1.2 అని వచ్చేది. పక్కన అచ్చేసిన హద్దుల్లోనే ఉండేది కాబట్టి దాని మీద ఎవరి చూపూ ఆగేది కాదు. మూత్రంలో అల్బుమిన్ పరీక్ష మాత్రం ఆ ప్యాకేజీలో లేనే లేదు. ఈ కొత్త డాక్టరుగారు నా పాత ఫైలంతా తిరగేసి, "యూఏసీఆర్ ఒక్కసారీ చేయించినట్టు లేదే" అంటూ రాసిచ్చారు.

మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీను ఎంత పోతోందో క్రియాటినిన్‌తో పోల్చి చెప్పే లెక్క యూఏసీఆర్. పొద్దున లేవగానే పోసే మూత్రం చిన్న డబ్బాలో పట్టి ఇస్తే చాలు. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపుంటే భయం లేదు. 30 నుంచి 300 మధ్య ఉంటే లీకేజీ మొదలైనట్టు. 300 దాటితే బాగా ముదిరినట్టు. నాకు 340 వచ్చింది. జ్వరం వచ్చినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, ముందురోజు ఒళ్లు బాగా అలిసేలా వ్యాయామం చేసినా ఈ అంకె పెరుగుతుందట. అందుకని ఒక్క రిపోర్టు చూసి ఖాయం చేయరు. నాకూ కొంత ఎడంతో మళ్లీ చేయించారు. రెండోసారీ 300 దాటింది.

క్రియాటినిన్ విషయంలో ఆయన చూపించిన లెక్క నన్ను ఇంకా కదిలించింది. క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది కాబట్టి ఒకే అంకె అందరికీ ఒకే అర్థం ఇవ్వదు. వయసూ, ఆడా మగా అన్నదీ కలిపి లెక్కగడితే ఈజీఎఫ్‌ఆర్ వస్తుంది. నిమిషానికి కిడ్నీలు ఎంత రక్తాన్ని వడపోస్తున్నాయో చెప్పే అంచనా అది. ఆయన 2021లో వచ్చిన సూత్రంతో నా ముందే కంప్యూటర్లో వేసి చూపించారు. అదే 1.2 క్రియాటినిన్ పాతికేళ్ల కుర్రాడికి ఉంటే ఈజీఎఫ్‌ఆర్ 86. నాకు 53. 60 కంటే తక్కువ మూడు నెలలకు మించి కొనసాగితే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. పాత రిపోర్టులన్నిటికీ లెక్క కట్టి చూస్తే నా అంకె 60 కిందికి ఎప్పుడో దిగిపోయింది. ఇందుకు కొత్తగా రక్తం ఇవ్వక్కర్లేదు, ఉన్న క్రియాటినిన్‌తోనే తెలిసిపోతుంది. రిపోర్టులో ఈజీఎఫ్‌ఆర్ రాయకపోతే ల్యాబువాళ్లను అడిగి రాయించుకోండి.

ఆ తర్వాత ఆయన ఒక రంగుల పట్టిక తీశారు. నిలువుగా ఈజీఎఫ్‌ఆర్, అడ్డంగా అల్బుమిన్. గళ్లు ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో ఉన్నాయి. నిలువు వరసలో 45 నుంచి 59 దగ్గర వేలు పెట్టి, దాన్ని అడ్డంగా జరుపుకుంటూ 300 దాటిన గడి దగ్గర ఆపారు. ఎరుపు.

"అంటే డయాలసిస్ దగ్గరపడిందా డాక్టరుగారూ?" అని అడిగారు మావారు. ఆయన గొంతు వణికింది.

"కాదండీ. ఈ దశలో ఉన్నవాళ్లలో డయాలసిస్ దాకా వెళ్లేవాళ్ల కంటే, దానికి ముందే గుండె జబ్బుతో పోయేవాళ్లే ఎక్కువ. అందుకే ముందు గుండె అన్నాను" అన్నారాయన.

మాట నేరుగా చెప్పినందుకు ఆయనకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని. 2004లో అమెరికాలో 11 లక్షల మందికి పైగా పెద్దవాళ్ల వివరాలతో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. ఈజీఎఫ్‌ఆర్ 60 పైన ఉన్నవాళ్లతో పోలిస్తే, 45 నుంచి 59 మధ్య ఉన్నవాళ్లకు గుండెపోటు, పక్షవాతం లాంటివి వచ్చే ముప్పు సుమారు 1.4 రెట్లు కనిపించింది. 30 నుంచి 44 మధ్య అయితే రెండు రెట్లు. కిడ్నీ పని తగ్గేకొద్దీ ఆ ముప్పు మెట్టు మెట్టుగా ఎక్కింది. అల్బుమిన్ పోవడమన్నది దానికి అదనం.

ఎందుకిలా అన్నది నాకు అర్థమైనంతలో చెబుతాను. ఒక్కో కిడ్నీలో నెఫ్రాన్లు అనే సన్నని వడపోత గొట్టాలు సుమారు పది లక్షలు ఉంటాయి. వాటిలో రక్తాన్ని వడకట్టేది ఉండలా చుట్టుకున్న సన్నని రక్తనాళాలే. ఆ నాళాల గోడ మంచి జల్లెడలా పనిచేస్తుంది, నీటినీ మలినాలనూ వదిలి ప్రోటీన్లను ఆపుతుంది. ఏళ్ల తరబడి షుగరు, బీపీ తాకిడికి ఆ గోడ దెబ్బతింటే అల్బుమిన్ బయటికి జారుతుంది. కిడ్నీలో నాళాల గోడ పాడైందంటే గుండెలోనూ, మెదడులోనూ, కంట్లోనూ అదే రక్తం, అదే షుగరు, అదే ఒత్తిడి. మూత్రంలో కనబడింది కాబట్టి తెలిసింది, మిగతా చోట్ల కనబడటం లేదంతే. దీనికి తోడు బలహీనపడ్డ కిడ్నీ ఉప్పునూ నీటినీ పూర్తిగా బయటికి పంపలేదు, బీపీ ఇంకా పెరుగుతుంది, గుండె గోడ మందమవుతుంది. ఎర్రరక్తకణాలు తయారు కావడానికి కావలసిన ఎరిత్రోపోయిటిన్ హార్మోన్ తగ్గి రక్తహీనత వస్తుంది. జబ్బు ముదిరితే ఫాస్ఫేటు పేరుకుని రక్తనాళాల గోడల్లో సున్నం పడుతుంది. నాది ఇంకా అంత దూరం పోలేదు.

నన్ను కార్డియాలజిస్టు దగ్గరికి పంపారు. ఆవిడ మొదట అడిగింది ఛాతీ నొప్పి గురించి కాదు. "మెట్లెక్కేటప్పుడు పోయినేడాదికీ ఇప్పటికీ తేడా ఉందా? రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంటారు? సాయంత్రానికి చెప్పులు బిగుసుకుంటాయా?" అని అడిగారు. మెట్ల దగ్గర తేడా ఉంది. రెండో అంతస్తుకు చేరేసరికి ఆగి ఊపిరి తీసుకోవలసి వస్తోంది. కాలి ముందు ఎముక మీద బొటనవేలితో కాసేపు గట్టిగా నొక్కి పట్టి తీశారు. చిన్న గుంట పడింది, నెమ్మదిగా పూడింది. షుగరు చాలాకాలంగా ఉన్నవాళ్లలో నరాలు మొద్దుబారి గుండె నొప్పి తెలియకపోవచ్చని, గుండెపోటు కూడా ఒక్కోసారి ఉత్త ఆయాసంగానో, చెమటగానో, వాంతి వచ్చినట్టుగానో వచ్చిపోతుందని ఆవిడే చెప్పారు. నొప్పి లేదు కదా అని ధైర్యంగా ఉండే వీలు మనకు లేదన్నమాట.

ఈసీజీ బాగానే ఉంది. ఎకోలో, అంటే గుండె స్కానింగులో, విషయం బయటపడింది. ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకోమన్నారు, చల్లటి జెల్ రాసి పక్కటెముకల మధ్య ఆ పరికరాన్ని ఆనించి తిప్పుతుంటే తెర మీద నా గుండె కవాటాలు టపటపా మూసుకుంటూ తెరుచుకుంటూ కనిపించాయి. టెక్నీషియన్ గుండె గోడ మీద రెండు చుక్కలు పెట్టి వాటి మధ్య గీత గీసింది. 12 మిల్లీమీటర్లు. ఆడవాళ్లకు 9 వరకు ఉండాలట. గుండె ఒక్కో దెబ్బకు తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి నెడుతోందో చెప్పే ఎజెక్షన్ ఫ్రాక్షన్ 62 శాతం వచ్చింది, అది మంచి అంకే. నేను ఊపిరి పీల్చుకునేలోగా కార్డియాలజిస్టు ఆపారు: "గుండె బాగానే పిండుతోంది, కానీ వదులవడం లేదు. గోడ బిరుసెక్కింది. రక్తం నిండేటప్పుడు ఒత్తిడి పెరిగి అది ఊపిరితిత్తుల వైపు తన్నుతోంది, మీ ఆయాసం అదే." ఎజెక్షన్ ఫ్రాక్షన్ బాగుందంటే హార్ట్ ఫెయిల్యూర్ (గుండె తన పని సరిగ్గా చేయలేకపోవడం) లేనట్టేనని నాలాగే చాలామంది అనుకుంటారు. షుగరు, బీపీ, కిడ్నీ జబ్బు కలిసి ఉన్నవాళ్లలో ఇలా అంకె బాగుండి గుండె బిరుసెక్కే రకం ఎక్కువని ఆవిడ చెప్పారు.

రక్తనాళాల్లో అడ్డంకులు ఉన్నాయేమో చూడటానికి స్ట్రెస్ ఎకో చేశారు. ట్రెడ్‌మిల్ మీద నడిపించి, గుండె వేగం తగ్గకముందే బల్ల మీద పడుకోబెట్టి మళ్లీ ఎకో తీస్తారు. రక్తం అందని భాగం ఉంటే అక్కడి గోడ సరిగ్గా కదలదు. నాకు అన్నీ కదిలాయి. యాంజియోగ్రామ్ నేరుగా చేసేస్తారేమోనని, అందులో వాడే డై కిడ్నీకి చేటేమోనని నేను బెంగపడుతున్నాను. డై విషయంలో ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఈజీఎఫ్‌ఆర్ 30 కంటే తక్కువున్నప్పుడని, నిజంగా గుండెపోటు వస్తే కిడ్నీ భయంతో యాంజియోగ్రామ్ వాయిదా వేయకూడదని ఆవిడ గట్టిగా చెప్పారు. ఇంకో మాట కూడా చెప్పారు, అత్యవసరంలో పనికొచ్చేది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు గుండెపోటును పట్టివ్వడానికి రక్తంలో చూసే ట్రోపోనిన్ అనే ప్రోటీను మామూలు రోజుల్లోనే కాస్త ఎక్కువ ఉండవచ్చు. గంటల తేడాలో అది పెరుగుతోందా అన్నది చూడాలి. అందుకే పాత రిపోర్టులు వెంట ఉంచుకోమన్నారు. నేను అన్నిటినీ ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకున్నాను.

ఇక మందులు. అన్నీ ఒకేసారి ఇవ్వలేదు. ముందు బీపీ మందు లోసార్టాన్, తర్వాత కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రకం మందు అటోర్వాస్టాటిన్, ఆ తర్వాత డాపాగ్లిఫ్లోజిన్, కొన్ని వారాల ఎడంతో. ఇన్ని మాత్రలా అని నేను నీరసపడితే డాక్టరుగారు డెన్మార్క్‌లో జరిగిన స్టెనో-2 అధ్యయనం గురించి చెప్పారు. షుగరు ఉండి మూత్రంలో అల్బుమిన్ పోతున్న 160 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యం. రెండో జట్టుకు షుగరు, బీపీ, కొలెస్ట్రాల్, తిండి, వ్యాయామం అన్నిటినీ ఒకేసారి బిగించి పట్టారు. 2003లో వచ్చిన ఫలితాల్లో రెండో జట్టుకు గుండె, రక్తనాళాల జబ్బులు సగానికి సగం తగ్గాయి. 21 ఏళ్ల తర్వాత లెక్క చూస్తే వాళ్లు మధ్యస్థంగా 7.9 ఏళ్లు ఎక్కువ బతికారు. ఏదో ఒక్క మందు చేసిన పని కాదది. ఎనిమిదేళ్లంటే మా అమ్మాయి పిల్లలు పెద్దవాళ్లయ్యే కాలం. నా నీరసం ఆ క్షణాన పోయింది.

లోసార్టాన్, డాపాగ్లిఫ్లోజిన్ రెండూ మొదలయ్యాక రక్త పరీక్ష చేస్తే క్రియాటినిన్ 1.35, ఈజీఎఫ్‌ఆర్ 46. ఇంట్లో అందరికీ గుండె గుభేలుమంది. "కిడ్నీ బాగవడానికి ఇచ్చిన మాత్రలు కిడ్నీనే తింటున్నాయి, ఆపేయి" అన్నారు మావారు. ఈ ఘట్టంలో ఎంతమంది మందులు మానేస్తున్నారో తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది. నేను ఫోన్ చేసి అడిగాను. ఈ రెండు మందులూ వడపోత నాళాల లోపలి ఒత్తిడిని దించుతాయి. ఇన్నాళ్లూ మితిమీరిన ఒత్తిడితో నడిచిన వడపోత కాస్త నెమ్మదిస్తుంది, అంకె కొంచెం దిగుతుంది. లోసార్టాన్ లాంటి మందు మొదలుపెట్టిన నాలుగు వారాల్లో క్రియాటినిన్ 30 శాతం వరకు పెరిగినా మందు ఆపరు. నాది పెరిగింది సుమారు 12 శాతమే. ఆ దిగడం ఒక్కసారే, ఆ తర్వాత ఏళ్ల మీద జరగబోయే అరుగుదల నెమ్మదిస్తుందని ఆయన చెప్పారు. 30 శాతం దాటితే మాత్రం ఒంట్లో నీరు తక్కువైందా, కిడ్నీకి వెళ్లే నాళం సన్నబడిందా అని వెతకాలట. పొటాషియం కూడా అప్పుడే చూస్తారు. నాది 4.9, పైహద్దుకు దగ్గర.

షుగరు మందుగా పుట్టిన డాపాగ్లిఫ్లోజిన్ గుండెకూ కిడ్నీకీ మందు కావడం నాకు ఆశ్చర్యంగా అనిపించింది. ఆ కుటుంబానికే చెందిన కనాగ్లిఫ్లోజిన్‌ను నాలాంటివాళ్ల మీద, అంటే షుగరు, కిడ్నీ జబ్బు, అల్బుమిన్ లీకేజీ మూడూ ఉన్నవాళ్ల మీద పరీక్షించిన ఫలితాలు 2019లో వచ్చాయి. కిడ్నీ దెబ్బతినడం 34 శాతం, హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆసుపత్రి పాలవడం 39 శాతం తగ్గాయి. అయితే మూత్రంలో చక్కెర పోతుంది కాబట్టి మర్మాంగాల దగ్గర ఫంగస్ దురద రావచ్చు. ఆడవాళ్లం ఈ మాట బయటికి చెప్పుకోం, మందు గుట్టుగా మానేస్తాం. శుభ్రంగా కడుక్కుని పొడిగా ఉంచుకుంటే చాలావరకు రాదు, వచ్చినా పూత మందుతో తగ్గుతుంది. నాకు ఒకసారి వచ్చి తగ్గింది.

వాంతులు, విరేచనాలు, జ్వరంతో తిండి సయించని రోజుల్లో ఏం చేయాలో డాక్టరుగారు కాగితం మీద రాసిచ్చారు, అది మందుల డబ్బాకే అంటించాను. అలాంటప్పుడు డాపాగ్లిఫ్లోజిన్, మెట్‌ఫార్మిన్, లోసార్టాన్, నీరు పోయే మాత్ర తాత్కాలికంగా ఆపాలి, తిండీ నీళ్లూ మామూలయ్యాక మళ్లీ మొదలుపెట్టాలి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు దాన్ని సొంతంగా ఆపకూడదు. డాపాగ్లిఫ్లోజిన్ వేసుకునేవాళ్లలో షుగరు పెద్దగా పెరగకుండానే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు వచ్చే ఆమ్లాలు) పేరుకునే ప్రమాదం ఉంది. వాంతులు, కడుపునొప్పి, ఊపిరి వేగంగా ఆడటం ఉంటే గ్లూకోమీటర్లో అంకె బాగుందని ఊరుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఆపరేషన్ ఉంటే మూడు రోజుల ముందే ఆపాలి.

ఆస్పిరిన్ కూడా ఇస్తే మంచిది కదా అని మావారు అడిగారు. గుండెపోటు ఒకసారి వచ్చినవాళ్లకు సరే. అలాంటిదేమీ లేని షుగరు రోగుల మీద 2018లో వచ్చిన ఫలితాల్లో గుండె జబ్బులు 12 శాతం తగ్గితే, పెద్ద రక్తస్రావాలు 29 శాతం పెరిగాయి. నాకు వద్దన్నారు. స్టాటిన్ మాత్రం తప్పదన్నారు. చెడ్డ కొలెస్ట్రాల్ 118 ఉంది, 70 లోపుకు దించాలి. డయాలసిస్ మొదలయ్యాక కొత్తగా స్టాటిన్ వేసినా పెద్ద ప్రయోజనం కనిపించలేదు కాబట్టి వేసుకోవలసిన సమయం ఇదేనని వివరించారు.

ఇంట్లో మారినవి రెండు. బీపీ ఇంట్లోనే చూసుకుంటున్నాను. అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, పాదాలు నేల మీద ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, మాట్లాడకుండా, నిమిషం తేడాతో రెండుసార్లు. మొదట్లో 148/86 ఉండేది, ఇప్పుడు 126/74 దగ్గర నిలిచింది. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపుకు తెచ్చాను, నాలుక్కి కొన్ని వారాల్లో అలవాటైపోయింది. మా అమ్మాయి ప్రేమగా తక్కువ సోడియం ఉప్పు తెచ్చింది. డాక్టరుగారు చూసి వద్దన్నారు. అలాంటివాటిలో సోడియం బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు, కిడ్నీ జబ్బుతో లోసార్టాన్ వేసుకునేవాళ్లకు పొటాషియం పెరిగి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. మోకాళ్ల నొప్పికి వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడా మాన్పించారు.

మా అక్కకూ షుగరే. ఫోన్ చేసి యూఏసీఆర్ చేయించుకోమంటే, "నాకేం నొప్పీ లేదే, ఎందుకూ?" అంది. "నాకూ లేదక్కా, అందుకే చెబుతున్నా" అన్నాను. చేయించుకుంది, 22 వచ్చింది. ఏడాదికోసారి చూపించుకుంటానని మాటిచ్చింది.

మొన్నటి పరీక్షలో నా యూఏసీఆర్ 210కి దిగింది. ఈజీఎఫ్‌ఆర్ 48, మరి దిగలేదు. చెడ్డ కొలెస్ట్రాల్ 66. రెండో అంతస్తుకు ఆగకుండా ఎక్కుతున్నాను. ఇప్పుడు ఫినరెనోన్ అనే ఇంకో మాత్ర కలుపుదామంటున్నారు. షుగరుతో కిడ్నీ జబ్బు వచ్చినవాళ్లలో దీని మీద జరిగిన రెండు పెద్ద పరీక్షల ఫలితాలు 2020, 2021ల్లో వచ్చాయి, ఒకదాంట్లో కిడ్నీకి, ఇంకోదాంట్లో గుండెకు మేలు కనిపించింది. పొటాషియాన్ని పెంచే మందు కాబట్టి ముందు అది చూశారు, 4.6 ఉంది. నా ఈజీఎఫ్‌ఆర్‌కు 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నాలుగు వారాలకు మళ్లీ రక్తం చూస్తారు. పొటాషియం 4.8 దాటకపోతే 20కి పెంచుతారు, 5.5 దాటితే ఆపుతారు. సోమవారం నుంచి వేసుకోమన్నారు.